చైనీస్‌లో గొడుగునూ కొడతారా?

ప్రశ్న: మేం సింగపూర్‌లో ఉంటున్నాం. పాపకు ఏడేళ్లు, ప్రైమరీ వన్ చదువుతోంది. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు. రెండో భాషగా చైనీస్ తీసుకున్నాం. మా ఇద్దరికీ చైనీస్ రాదు. ‘తా’ అంటే కొట్టడం అని ఫ్లాష్‌కార్డు పెట్టి నేర్పించాం. ఇప్పుడు చూస్తే ఫోన్ చేయడానికీ, బాస్కెట్‌బాల్ ఆడటానికీ, తుమ్మడానికీ, గొడుగు పట్టడానికీ అదే మాట వస్తోంది. పాప అయోమయంలో పడింది. మొన్న ‘పియానో వాయించాను’ అని రాయాల్సిన చోట ‘ఆడుకున్నాను’ అనే క్రియ రాస్తే టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. మూడు భాషలు పిల్లకు ఎక్కువైపోయాయా? ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషు పెంచమంటారా? – ఒక తల్లి, సింగపూర్

సమాధానం: తెలుగు తగ్గించకండి. పియానో దగ్గర మీ పాప చేసిన తప్పు తెలుగు వల్ల వచ్చింది కాదు. తెలుగులో ఆట ఆడతాం, పియానో వాయిస్తాం, పిల్లనగ్రోవి ఊదుతాం. వీటన్నిటినీ ఒకే క్రియతో సరిపెట్టేది ఇంగ్లీషు. అక్కడ అన్నీ ‘ప్లే’నే. ‘ప్లే’ అంటే చైనీస్‌లో ‘వాన్’ అని పాప ఎక్కడో నేర్చుకుని ఉంటుంది. బొమ్మలతోనో స్నేహితులతోనో ఆడుకోవడానికి ‘వాన్’ సరిపోతుంది. పియానోకి మాత్రం ‘థాన్’ అనాలి, అంటే వేళ్లతో మీటడం. వయొలిన్‌కి ‘లా’, అంటే లాగడం (తెలుగు పిల్లలకు ఇది గుర్తుండటం తేలిక). ఫ్లూటుకి ‘ఛ్వే’, ఊదడం. ఫుట్‌బాల్‌కి ‘థీ’, తన్నడం. చదరంగానికి ‘ష్యా’, కింద పెట్టడం. బాస్కెట్‌బాల్‌కీ బ్యాడ్మింటన్‌కీ ‘తా’. ఏ పనిలో ఒంటిని ఎలా వాడుతున్నామో చైనీస్ క్రియ అది చూస్తుంది. తెలుగు పిల్లకు ఈ తేడా కొత్త కాదు, సగం దారి ఇంట్లోనే నడిచేసింది.

ముందుకు వెళ్లేముందు ఉచ్చారణ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ క్రియలతో వచ్చే తిప్పల్లో సగం అక్కడివే. పిన్‌యిన్‌లో (చైనీస్ ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఇది) ‘డి’ అక్షరంతో రాసే ధ్వని నిజానికి మన ‘త’కు దగ్గర. ‘టి’తో రాసేది ‘థ’కు దగ్గర. ‘బి’ అని కనిపించేది ‘ప’, ‘జి’ అని కనిపించేది ‘క’, ‘కె’ అని కనిపించేది ‘ఖ’. అందుకే ఇక్కడ ‘డా’ అనకుండా ‘తా’ అని రాస్తున్నాం. మామూలు మాటల్లో మనం ఒత్తులు వదిలేస్తుంటాం, చైనీస్‌లో వదిలితే మాటే మారిపోతుంది. పాపకు తెలుగు అక్షరాలు వస్తే త, థ పక్కపక్కన రాసి చూపించండి, ఇంగ్లీషు అక్షరాల కంటే ఇవి బాగా పనికొస్తాయి.

దాని మీద టోన్లు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎక్కే దిగే తీరు. ఒక్క ‘తా’నే తీసుకోండి. ఒకటో టోన్‌లో పలికితే బస్సో రైలో ఎక్కి వెళ్లడం, రెండో టోన్‌లో జవాబు చెప్పడం, మూడో టోన్‌లో మనం మాట్లాడుకుంటున్న కొట్టడం, నాలుగో టోన్‌లో పెద్దది. వీటిలో మొదటిదీ మూడోదీ మీ ఊళ్లోనే పాపను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. సింగపూర్‌లో బస్సు, టాక్సీ ఎక్కడానికి ఒకటో టోన్ ‘తా’ వాడతారు. చైనాలో టాక్సీ పిలవడానికి మూడో టోన్ ‘తా’ వాడతారు. పాప చైనాలో తయారైన యాప్‌తో సాధన చేస్తుంటే రెండూ చెవిన పడి, ఒకే మాటను రెండు రకాలుగా పలుకుతున్నారేమో అనుకుంటుంది. అవి వేర్వేరు మాటలు, వాటి అక్షరాలూ వేరు. బడి పుస్తకంలో ఏది ఉంటే ప్రస్తుతానికి దాన్నే ఉంచండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఒకే క్రియకు ఇన్ని అర్థాలు ఎలా అంటుకున్నాయి, పిల్లలు వాటిని ఎలా పట్టుకుంటారు?

‘కొట్టు’ అన్న మాటను తెలుగులో ఒక రోజంతా గమనించండి. ఫోన్ కొడతాం, చప్పట్లు కొడతాం, సైకిల్ టైరుకు గాలి కొడతాం, గోడకు సున్నం కొడతాం, గుళ్లో కొబ్బరికాయ కొడతాం, చెరువులో ఈత కొడతాం, బోరు కొడుతోందంటాం. ఇన్ని వాడుకలు మీ పాపకు ఎవరూ జాబితా వేసి నేర్పలేదు. ‘గాలి కొట్టు’ అన్నప్పుడు ‘గాలిని ఎందుకు కొడతారు?’ అని తను అడిగి కూడా ఉండదు. గాలి, కొట్టు అనే రెండు మాటలనూ విడివిడిగా కాకుండా జతగా వింది, జతగా దాచుకుంది. చైనీస్ ఇంట్లో పుట్టిన పిల్లలు ‘తా’ను నేర్చుకునేదీ ఇలాగే. ‘తా త్యెన్‌హ్వా’ అంటే ఫోన్ చేయడం. ‘తా చెన్’ అంటే ఇంజక్షన్ వేయడం. అమ్మ నోట, డాక్టరు నోట మొత్తం ముక్కగా వచ్చిన మాటను మొత్తం ముక్కగానే పట్టుకుంటారు. ఇలాంటి ముక్కలు కొన్ని పోగయ్యాక వాటన్నిటిలో ‘తా’ ఉందని గమనించి, కొత్తచోట కూడా వాడి చూడటం మొదలుపెడతారు. అప్పుడు కొన్ని తప్పులు దొర్లుతాయి. అంతకుముందు సరిగ్గా అన్నమాట కూడా కొన్నాళ్లు తప్పుగా అనవచ్చు. అది వెనకడుగు కాదు, పిల్ల మాటను విడదీసి చూడటం మొదలుపెట్టిందని గుర్తు.

రెండు మూడు భాషల పిల్లల దగ్గర వరస తలకిందులవుతుంది. జతలు ఇంకా పోగవకముందే ఫ్లాష్‌కార్డు వచ్చి ‘తా అంటే కొట్టడం’ అని ఒక అర్థాన్ని మేకులా దిగ్గొట్టేస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి వాడుకా దానికి విరుద్ధంగా కనిపిస్తుంది. గొడుగును కొట్టడమేమిటన్న ప్రశ్న అలా పుట్టిందే. ఆ కార్డు తీసేయండి.

దాని బదులు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక క్రియకు ఒక పేజీ. పేజీ పైన ఆ క్రియ అక్షరం మాత్రమే ఉండాలి, అర్థం రాయకూడదు. కింద జతలు: ఒక చిన్న బొమ్మ, పూర్తి జత పిన్‌యిన్‌లో టోన్ గుర్తులతో, దాని పక్కన తెలుగులో మనం ఆ పనిని ఎలా అంటామో ఆ మాట మొత్తం. ‘తా చెన్’ పక్కన ‘ఇంజక్షన్ వేయడం’, ‘తా త్సు’ పక్కన ‘టైపు కొట్టడం’, ‘తా ఛీ’ పక్కన ‘గాలి కొట్టడం’. వారానికి రెండు కొత్త జతలు చాలు. ఒక పేజీలో ఐదు జతలు గట్టిపడేదాకా ఆరోది రాయకండి. కొత్త జతను రాసిన మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి బొమ్మ మాత్రమే చూపించి చెప్పించండి. రోజుకు పది నిమిషాలకు మించి కూర్చోబెట్టవద్దు.

ఏ జతలతో మొదలుపెట్టాలి అంటే, పాప రోజూ చేసే పనులతో. ఫోన్ చేయడం, బంతాట, ఇంజక్షన్, తుమ్ము (తా ఫన్‌థీ), ఆవలింత (తా హాఛ్యెన్). తుమ్ము, ఆవలింత, వెక్కిళ్లు, గురక అన్నీ ‘తా’తోనే వస్తాయి కాబట్టి అవి ఒక గుంపుగా త్వరగా కుదురుకుంటాయి. చేత్తో ఆడే బంతాటలు, పేకాట ఇంకో గుంపు. గొడుగు జతను చివరికి వదిలేయండి. దానికి ‘తా సాన్’ అనీ అంటారు, ‘ఛంగ్ సాన్’ అనీ అంటారు, రెండూ ఒప్పే. పైగా ‘తా సాన్’లో రెండు మాటలూ మూడో టోన్‌వే. అలా రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్‌లా పైకి లేస్తుంది. పాప పుస్తకంలో మూడో టోన్ గుర్తు చూసి, చెవికి రెండో టోన్ వినిపిస్తే తికమకపడుతుంది. ఆ నియమం బడిలో చెప్పాక ఈ జత తేలికవుతుంది.

ఊడ్చి శుభ్రం చేయడం, ఏదైనా చేయాలనుకోవడం, ముస్తాబవడం వంటి మాటల్లో కూడా ‘తా’ ముందు కనిపిస్తుంది. వాటిని ఈ పేజీలో చేర్చకండి. అవి విడదీయరాని మాటలు. కొట్టడంతో వాటికి ఏదో ఒక చుట్టరికం కల్పించి చెప్పాలని చూస్తే పిల్ల బుర్ర ఇంకా వేడెక్కుతుంది.

మీకు చైనీస్ రాదు కాబట్టి మీరు పలికి వినిపించవద్దు. కొత్త జతలను టీచరుతోనో, చైనీస్ మాట్లాడే పొరుగువారితోనో మీ ఫోన్‌లో రికార్డు చేయించుకోండి. ఒక్కో జత రెండుసార్లు, తర్వాత దానితో ఒక చిన్న వాక్యం. వాక్యం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే జత మధ్యలోకి వేరే మాటలు దూరతాయి. ‘ఒక ఫోన్ చేశాను’ అనడానికి ‘వొ తా ల యీ క త్యెన్‌హ్వా’ అంటారు. పని అయిపోయిందని చెప్పే ‘ల’, ఒకటి అని చెప్పే ‘యీ క’ రెండూ ‘తా’కూ ‘త్యెన్‌హ్వా’కూ మధ్యలో కూర్చున్నాయి. జతను ఒకే పదంలా బట్టీపట్టిన పిల్లలు ‘ల’ను తీసుకెళ్లి చివర తగిలిస్తారు.

ఇదే వాక్యంలో ఇంకో పెద్ద గుంట ఉంది. ‘అమ్మకు ఫోన్ చేశాను’ అనేటప్పుడు ‘అమ్మకు’ అన్నచోట ‘కేయ్ మామా’ అనాలి. ఇక్కడ ‘కేయ్’ అచ్చంగా మన ‘కి’, ‘కు’ చేసే పనే చేస్తుంది. కాకపోతే పేరుకు ముందు వస్తుంది. ఇంగ్లీషులో అమ్మకూ ఫోన్‌కూ మధ్య ఏ ప్రత్యయమూ లేకుండా చెప్పొచ్చు కాబట్టి ఇంగ్లీషు అలవాటున్న పిల్లలు ‘కేయ్’ని మింగేసి ‘వొ తా మామా’ అంటారు. దానర్థం ‘నేను అమ్మను కొట్టాను’. పాప ఇలా అన్నప్పుడు ‘అమ్మకి ఫోన్ చేశావా, అమ్మని ఫోన్ చేశావా?’ అని తెలుగులో అడగండి. ‘కి’ ఉండాలని తనకు తెలుసు. ‘ఆ కి చైనీస్‌లో ఏది?’ అని అడిగితే తనే దిద్దుకుంటుంది. చైనీస్ రాని తల్లి చేయగలిగిన సాయం ఇదే, చిన్నదేమీ కాదు.

తెలుగు అన్నిచోట్లా దారి చూపిస్తుందని అనడం లేదు. చప్పట్లు మనం కొడతాం, చైనీస్‌లో వాటికి ‘ఫాయ్’ అనే వేరే క్రియ ఉంది. ఈత కూడా మనం కొడతాం, వాళ్లకు దానికి సొంత మాట ఉంది. ‘కొట్టు’ ఉన్నచోటల్లా ‘తా’ పెట్టేయొచ్చని పాప అనుకోకుండా, కుదరని వాటిని రెండు మూడు అదే పేజీ అడుగున గీత గీసి రాసి ఉంచండి.

‘తా’ తర్వాత తప్పకుండా తీసుకోవాల్సిన క్రియ ‘ఖాయ్’. తలుపు తీయడం, లైటు వేయడం, కారు నడపడం, మీటింగు పెట్టడం, పువ్వు పూయడం, నీళ్లు మరగడం, అన్నీ ‘ఖాయ్’. తెలుగులో ఆరు క్రియలు, అక్కడ ఒకటే. సింగపూర్‌లో లైటు వేయమనడానికి ఇంగ్లీషులో కూడా ‘ఓపెన్ ద లైట్’ అనేవాళ్లున్నారు, అది ఈ ‘ఖాయ్’ నుంచి వచ్చిందే. పాప నోట ఆ మాట వింటే కంగారుపడకండి. చైనీస్ జత బలంగా నాటుకుంటోందన్నమాట.

ఈ క్రియకు నోటుపుస్తకంతో పాటు ఎదురుమాట ఆట బాగా పనిచేస్తుంది. తలుపు తీయడానికీ లైటు వేయడానికీ ఎదురుమాట ఒక్కటే, ‘క్వాన్’. కారు నడపడానికి మాత్రం ‘క్వాన్’ కుదరదు, ‘థింగ్’ అనాలి, అంటే ఆపడం. పువ్వు పూయడానికి ఎదురుమాట ‘ష్యె’, అంటే వాడిపోవడం. ఒక జత చెప్పి దానికి ఎదురుమాట అడిగితే ‘ఖాయ్’లో ఎన్ని శాఖలున్నాయో పాపకే అర్థమవుతుంది. ముందు తెలుగులో ఆడించండి: ‘లైటు వెయ్యి’ అంటే వెలుగుతుంది, ‘తలుపు వెయ్యి’ అంటే మూసుకుంటుంది. ఒకే ‘వెయ్యి’ ఒకచోట తెరవడం వైపు, ఇంకోచోట మూయడం వైపు. ఇది విన్న పిల్లలకు ‘ఖాయ్’ అంత వింతగా అనిపించదు. ఇంగ్లీషు ‘ఓపెన్’తో మాత్రం జాగ్రత్త. కళ్లు తెరవడానికి, నోరు తెరవడానికి, పుస్తకం తెరవడానికి ఒంటి ‘ఖాయ్’ చాలదు. దాని ముందు ఇంకో క్రియ చేరాలి. పుస్తకానికి ‘తా ఖాయ్’ అనాలి.

మూడోది, ఒంటిమీద వేసుకునేవి. బట్టలు, మేజోళ్లు, బూట్లకు ‘ఛ్వాన్’. టోపీ, కళ్లజోడు, వాచీ, ఉంగరానికి ‘తాయ్’. మన ‘వేసుకో’, ‘పెట్టుకో’ చాలావరకు ఇలాగే విడిపోతాయి. చేతి గ్లవుజులు, మెడలో గొలుసు దగ్గర తేడా వస్తుంది. మనం వేసుకుంటాం, వాళ్లకు అవి ‘తాయ్’. దీనికి కార్డులేవీ అక్కర్లేదు. పొద్దున బడికి తయారయ్యేటప్పుడు ఒక్కో వస్తువు అందిస్తూ ‘ఛ్వానా, తాయా?’ అని అడిగితే సరిపోతుంది. వస్తువు చూసి క్రియ చెప్పడం ముఖ్యం. క్రియ చెప్పి అర్థం అడగడం తిరగేసిన పద్ధతి, దానివల్ల మాట్లాడేటప్పుడు ఉపయోగం ఉండదు. మాట్లాడేవాళ్లకు ముందు వస్తువు తడుతుంది, తర్వాత క్రియ వెతుక్కుంటారు.

రాత మొదలైంది కాబట్టి అక్షరాల సాయం కూడా తీసుకోండి. ‘తా’ అక్షరంలో ఐదు గీతలు. ఎడమపక్క మూడు గీతలు చేతికి గుర్తు. వయొలిన్ ‘లా’కు కూడా ఎడమపక్క ఆ చెయ్యే ఉంటుంది. ఫుట్‌బాల్ ‘థీ’కి ఎడమపక్క పాదం, ఫ్లూటు ‘ఛ్వే’కి నోరు, పియానో ‘థాన్’కు విల్లు. ఆటలు, వాయిద్యాల బొమ్మలు ఓ పన్నెండు పోగుచేసి, ఏది చెయ్యి, ఏది కాలు, ఏది నోరు అని పాపతో విడదీయించండి. తర్వాత అక్షరంలో ఆ భాగాన్ని వేలితో చూపించమనండి. ‘వాన్’ను అన్నిచోట్లా వాడే అలవాటు మానడానికి ఇంతకంటే సూటి దారి లేదు.

పాప తప్పు అన్నప్పుడు ‘తప్పు’ అని ఆపేయకుండా రికార్డులోని సరైన జతను వినిపించి, మాట కొనసాగించండి. ఒక పూటలో ఒక్క క్రియకు సంబంధించిన తప్పులే పట్టుకోండి. మిగిలినవి వదిలేయండి.

ఎన్నాళ్లు పడుతుంది అంటే, చాలాకాలం, చైనీస్ పిల్లలకు కూడా. 2011లో ‘కాగ్నిషన్’ పత్రికలో ముత్సుమి ఇమాయ్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మోయడం, పట్టుకోవడం చుట్టూ ఉన్న 13 చైనీస్ క్రియలను మూడు, ఐదు, ఏడేళ్ల పిల్లలు ఎలా వాడతారో చూశారు. చైనీస్‌లో వీపున మోస్తే ‘పేయ్’, చేతుల్లో ఎత్తుకుంటే ‘పావ్’, చేత్తో వేలాడదీసి పట్టుకుంటే ‘థీ’ (ఇది రెండో టోన్; ఫుట్‌బాల్ ‘థీ’ ఒకటో టోన్), పులుసు గిన్నెలా రెండు చేతులతో తొణక్కుండా పట్టుకుంటే ‘త్వాన్’. చిన్నపిల్లలు ఒకటి రెండు క్రియలతోనే చాలా పనులు చెప్పేస్తారు. ఏడేళ్ల పిల్లలు కూడా హద్దులు పెద్దల్లా గీయలేకపోయారు. పుట్టినప్పటి నుంచి ఇదే భాష వింటున్న పిల్లల సంగతి ఇది. వారానికి కొన్ని పీరియడ్లు మాత్రమే వినే మీ పాప ‘నా’ (తీసుకో, పట్టుకో) అనే ఒక్క క్రియతో నెట్టుకొస్తుంటే అందులో దిగులుపడాల్సిందేమీ లేదు.

ఇంకో సంగతి. చైనీస్ మాట్లాడే చిన్నపిల్లల తొలి మాటల్లో క్రియలు, ఇంగ్లీషు పిల్లలతో పోలిస్తే, ఎక్కువ ఉంటాయని ట్వైలా టార్డిఫ్ అనే పరిశోధకురాలు 1996లో చూపించారు. ఇంట్లో పెద్దలు నామవాచకాలు వదిలేసి క్రియలతోనే మాట్లాడటం దీనికి ఒక కారణం. మనం ‘తిన్నావా? వస్తావా? పడతావ్!’ అన్నట్టే. బడిలో మొదట ఎక్కువగా వచ్చేవి పండ్ల పేర్లు, రంగులు, జంతువులు. వంటింటి క్రియలు, ఆటల క్రియలు అక్కడ తక్కువ. అందుకని చైనీస్ మాట్లాడే పిల్లలతో ఆడుకునే సమయం, కింద ప్లేగ్రౌండ్‌లో అరగంటైనా సరే, ట్యూషన్ కంటే ఎక్కువ పనిచేస్తుంది. బంతాట మధ్యలో వినిపించే క్రియలు ఏ వర్క్‌షీటులోనూ ఉండవు.

మూడు భాషలు ఎక్కువా అని అడిగారు. కాదు. సింగపూర్ బడుల్లో మదర్ టంగ్ సబ్జెక్టుకు, అంటే ఇంగ్లీషుతో పాటు చదివే ఆ రెండో భాషకు, ఉన్నవాటిలో తెలుగు లేదు. తమిళం కాకపోతే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు ఇళ్లలో చాలామంది హిందీయో తమిళమో తీసుకుంటారు, మీలా చైనీస్ వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. బడిలో తెలుగు ఉండదు కాబట్టి ఇంట్లో కూడా ఆపేస్తే పాపకు ‘కి’, ‘వాయించు’, ‘పెట్టుకో’ లాంటి ఆసరాలన్నీ పోయి ఇంగ్లీషు ఒక్కటే మిగులుతుంది. ఈ తప్పులకు మూలం అక్కడే ఉందని చూశాం కదా.

ఒక్క విషయం మాత్రం గమనించండి. తడబాటు చైనీస్‌లోనే ఉంటే అది ఆ భాష వినే సమయం చాలకపోవడమే, పైన చెప్పినవి చేస్తూ పోతే చాలు. తెలుగులో కూడా ఏడేళ్ల పిల్ల క్రియలు దొరక్క ‘అది చెయ్యి, ఇది చెయ్యి’ అంటూ ఉంటే, జరిగిన విషయాన్ని వరసగా చెప్పలేకపోతుంటే, రెండు మెట్ల సూచనలు అర్థం కాకపోతుంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. వెళ్లేటప్పుడు పాప తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడిన రికార్డు తీసుకెళ్లండి. ఇంట్లో ఏ భాష ఎన్ని గంటలు వింటుందో కాగితం మీద రాసి ఇవ్వండి. లేకపోతే పరీక్ష ఇంగ్లీషులోనే జరిగి, పాపకు నిజంగా వచ్చిన మాటలు లెక్కలోకి రాకుండా పోతాయి.